ఇంకా బండి కానివి

ఆ రోజు పొద్దున్న యార్డు గేటు బయట ఉన్నవి ఇవి: వరసగా పదకొండు చాసీలు, పదకొండు మంది డ్రైవర్లు, కాంట్రాక్టరు పద్దులు రాసే మున్షీ ఒకడు, ఒక గేటు కాపలావాడు, సైకిలు హాండిలుకు టీ కెటిల్ తగిలించుకుని వచ్చిన మనిషి, ఒక కొబ్బరికాయ, కుంకం పొట్లం, తడి సున్నం ఉన్న డాల్డా డబ్బా, అందులో నిలబెట్టిన గుడ్డ చుట్టిన పుల్ల, నేను. బండి ఒక్కటీ లేదు. ఈ చివరి మాట నాది కాదు, మా నాన్నది.

చాసీ అంటే ఏమిటో చెప్పాలి. మావాళ్లు శ్రీకాకుళం నుంచి వలసొచ్చిన బీహార్ ఊళ్లో, గోవింద్‌పూర్ పక్కనున్న కార్ఖానాలో తయారయ్యే లారీ పూర్తి లారీగా బయటికి రాదు. ఇంజను, రెండు పొడవాటి ఉక్కు దూలాలు, ఇరుసులు, చక్రాలు, స్టీరింగు మాత్రమే వస్తాయి. కాబిన్ ఉండదు. తలుపు, అద్దం, పైకప్పు ఉండవు. డ్రైవరు కూర్చోవడానికి సీటు కూడా ఉండదు. తాళ్లతో బిగించిన చెక్కపెట్టె మీద కూర్చుని, ముఖానికి తువ్వాలు చుట్టుకుని, ఎండైనా వానైనా దాన్ని కొన్నవాళ్ల ఊరిదాకా తోలుకుపోవాలి. అక్కడ వడ్రంగులు దానికి కాబిన్, తొట్టి కడతారు. తోలుకుపోయినవాళ్లు రైలెక్కి తిరిగి వస్తారు. ఇలా జట్టుగా, ఒకదాని వెనక ఒకటి తీసుకుపోవడాన్ని కాన్వాయ్ అంటారు. మా నాన్న కాన్వాయ్ డ్రైవరు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆయన వెళ్లేటప్పుడు చాసీ మీద, వచ్చేటప్పుడు రైల్లో. రెంటికీ మధ్య కొన్నాళ్లు ఇంట్లో.

ప్రతి డ్రైవరుకూ ఒక జత రేకు ప్లేట్లు ఉంటాయి. కొత్త చాసీకి ఇంకా సొంత నంబరు ఉండదు కాబట్టి, చేరాల్సిన ఊరు చేరేదాకా డ్రైవరు ప్లేట్లే దాని ముందూ వెనకా కడతారు. చాసీ అప్పజెప్పాక వాటిని విప్పి గోనెసంచిలో పెట్టుకుని తెచ్చుకుంటారు. రైల్లో నాన్న ఆ సంచి తల కింద పెట్టుకుని పడుకునేవాడు. ప్లేటు చేతిలో ఉన్నంతకాలం పని ఉన్నట్టు. ప్లేటు వెనక్కి ఇచ్చేస్తే లేనట్టు.

ఎనభైల మొదట్లో, నేను మెకానికల్ డిప్లొమా పరీక్షలు రాసి, అప్రెంటిస్ ఉత్తరం కోసం ఎదురుచూస్తున్న నెలల్లో, నాన్న ప్లేటు ఉంటుందో పోతుందో తెలియని పరిస్థితి వచ్చింది. కారణం కళ్లు. కుడికంట్లో చాలా ఏళ్లుగా పువ్వు ఉంది. ఎదురొచ్చిన లారీ చక్రం కింద నుంచి ఎగిరిన రాయి చేసిన పని అది. ఎడమకన్ను బాగానే ఉండేది. ఆ ఏడు ఎండలు తగ్గేసరికి దానికీ మసక వచ్చింది. ఆస్పత్రిలో శుక్లం అన్నారు, ఇంకా ముదరలేదన్నారు, ముదిరాక కోయించుకున్నా ఇక లారీలు తోలడం మానుకోమన్నారు. అప్పటికే వేరే జట్టులో ఎవరో చాసీని కల్వర్టుకు కొట్టారని, దసరా నుంచి అందరి కళ్లూ చూస్తామని కాంట్రాక్టరు మున్షీ చేత చెప్పించాడు. చూపు లేనివాడి దగ్గర ప్లేటు ఉండదు. నాన్న చూపు సంగతి నలుగురికే తెలుసు: ఆయనకి, అమ్మకి, నాకు, జట్టును నడిపించే సర్దార్‌కి. సర్దార్ మాకు వరసకు మావ. అమ్మ పుట్టిన ఊరివాడు.

అలాంటి కళ్లతో ఆయన ఎలా తోలుతున్నాడన్నదానికి జవాబు డాల్డా డబ్బాలో ఉంది.

చాసీ వెనక ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉబ్బి ఉండే భాగాన్ని మేం పుస్తకాల్లో డిఫరెన్షియల్ అని చదువుకున్నాం. మా జట్టువాళ్లు దాన్ని కుండ అనేవారు. బయల్దేరే ముందు ప్రతి కుండకీ అరచేతి వెడల్పున తడి సున్నంతో గుండ్రటి చుక్క పెట్టి, మధ్యలో కుంకం అద్దేవారు. చూసినవాళ్లు దిష్టిచుక్క అనుకునేవారు. అదీ నిజమే. కానీ దాని మొదలు మరొకటి. శ్రీకాకుళం పక్క మా తాత నాటుబండి మీద గోగునార వేసుకుని సంతకు పోయేటప్పుడు పది, పదిహేను బళ్లు వరసగా పోయేవట. తెల్లారకముందే బయల్దేరాలి. వెనక వచ్చేవాడికి దారి కనబడకపోయినా ముందు బండి కనబడాలని, ప్రతి బండి వెనక పలకకూ సున్నం పూసేవారట. ఆ బళ్లు తోలిన ఇళ్లనుంచి ఇక్కడికి వచ్చి డ్రైవర్లయినవాళ్లు సున్నాన్ని కూడా తెచ్చుకున్నారు. పంజాబీ జట్లలో, బీహారీ జట్లలో నేను దీన్ని చూడలేదు.

అందుచేత మావ నాన్నను ఎప్పుడూ వరసలో ఆరో చాసీ మీద పెట్టేవాడు. ముందు ఐదు, వెనక ఐదు. ఎదురుగా ఉన్న తెల్లచుక్కను చూసుకుంటూ పోవాలి. చుక్క పెద్దదైతే బ్రేకు. చిన్నదైతే గేరు. పక్కకు జరిగితే మలుపు. దీని గురించి వాళ్లిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మావ పెట్టాడు, నాన్న కూర్చున్నాడు.

ఇక మాట సంగతి.

పాలిటెక్నిక్ మొదటి సంవత్సరంలో, మా ఇంట్లో బండి అనే మాటను ఎన్నిటికి వాడతారో లెక్కపెట్టాను. అమ్మకు ఊరినుంచి వచ్చే రైలు బండి. సాక్చి బజారులో అరటిపళ్లమ్మే నాలుగు చక్రాల బల్ల బండి. సోనారిలో ఉన్న చిన్నాన్న కొన్న స్కూటరు బండి. పాలవాడి సైకిలూ బండే. చక్రాలు లేనిచోట కూడా ఆ మాట తిరిగేది. పండగ వెళ్లిన మర్నాడు అంట్లు బండెడు. ఎవరైనా ఎలా ఉన్నారని అడిగితే ఏదో బండి నడుస్తోందని జవాబు. హిందీ బడిలో చదివే మా చెల్లికి వీటిలో చాలావాటికి ఒకటే మాట, గాడీ. అమ్మ తెలుగులో అడిగితే అది హిందీలో చెప్పేది. "బండొచ్చిందేటే?" "గాడీ ఆ గయీ, మా." పక్కవాటాలో ఇచ్ఛాపురం నుంచి వచ్చిన ముసలమ్మ మాత్రం ఎడ్లు లాగేదాన్ని ఒడియాలో శగడ అనేది. శకటం అనే మాట పాఠంలో తప్ప వినని నాకు, అది ఆమె నోట్లో అరిగిపోయి, వాడకంలో ఉండడం వింతగా అనిపించింది.

లైబ్రరీలో రెండు నిఘంటువులు చూశాను. ఒకదాని ప్రకారం బండి సంస్కృతంలోని భాండం నుంచి వచ్చింది. భాండం అంటే పాత్ర, సరుకు. సరుకు మోసేది కాబట్టి బండి. రెండోదాని ప్రకారం అది మన దక్షిణాది మాటే. కన్నడంలో బండి, తమిళంలో వండి. ఎవరి దగ్గరనుంచీ తెచ్చుకోవాల్సిన అవసరం లేదు. నేను రెండోది సరైనదనుకున్నాను. ఋజువేమీ లేదు.

ఈ సంగతి నాన్నకు చెబితే ఆయన అన్నం కలుపుకుంటూ విన్నాడు.

"మోసేదుంటే బండి," అన్నాడు. "మోతే నేకపోతే బండేటి?"

"మరి చాసీ?"

"చాసీ ఏటి మోత్తంది? దాన్నది మోసుకుంతంది. తొట్టి కట్టాల, ఆసామి పేరు రాయాల, కొబ్బరికాయ కొట్టాల, సరుకెయ్యాల. అప్పుడు బండి. మేం తోలినప్పుడు అది ఇంకా పుట్టనేదురా."

"అయితే నువ్వు ఇన్నేళ్లూ తోలినవి బళ్లు కావా?"

"కావు. బండి తోలినోడు మా అయ్య. నాను చిన్నప్పుడు తోలినాను, మా అయ్య నిద్దరోతే. అదే." తర్వాత అమ్మతో, "పులుసుందేటి?" అన్నాడు.

ఆ లెక్కన నాన్న మొదటి నిఘంటువు పక్షం. ఆయన చాసీని బండి అనగా నేను వినలేదు. మున్షీ గాడీ అన్నప్పుడల్లా కింది పెదవి కొంచెం ముందుకు పెట్టేవాడు.

ఆ పొద్దున్నా అదే జరిగింది. నేను సంచి మోసుకుని నాన్నతో యార్డుకు వెళ్లాను. మావ పుల్ల సున్నంలో ముంచుతూ నాన్న ముఖం చూశాడు.

"ఏటి బావా, రాత్రి నిద్దరోనావా నేదా? కళ్లు సింతనిప్పుల్లాగున్నాయి."

"నా కళ్లతో నీకేటి పని? నీ చాసీ నువ్వు సూసుకో."

"నాది నాను సూసుకుంతాను. నువ్వు నీ ఎదరి కుండ సూసుకో." పక్కనున్నవాళ్లు దాన్ని మామూలు బావామరదుల వేళాకోళమే అనుకుని నవ్వారు.

ఎప్పుడూ నాన్న ముందు ఐదో చాసీ తోలే ఆయనకు పచ్చకామెర్లు వచ్చాయి. ఆయన బదులు మా ఊళ్లోనే భాలుబాసా పేటలో ఉండే కుర్రాడొకడు వచ్చాడు. మావాళ్ల పిల్లవాడే, కానీ ఇక్కడే పుట్టాడు, తెలుగు అర్థమవుతుంది, జవాబు హిందీలో ఇస్తాడు. కాన్వాయ్‌లో అతనికది రెండో ప్రయాణం. మా జట్టుతో మొదటిది. మావ అతని కుండకు చుక్క పెడుతుంటే వంగి చూశాడు.

"కాకా, యే చూనా క్యోం?"

సున్నం ఎందుకని అతను అడిగాడు. మావ నాన్న వైపు చూడలేదు. "నజర్ కే లియే," అన్నాడు. దిష్టి తగలకుండా అని. కుర్రాడు తలూపాడు. నిజం చెప్పాలంటే నాన్న కన్ను సంగతి చెప్పాలి. అందుకని మావ సగమే చెప్పాడు. ఆ సగమూ అబద్ధం కాదు.

తర్వాత మావ ఎప్పుడూ చెప్పేదే అందరికీ చెప్పాడు. "అప్పజెప్పినప్పుడు పెళ్లికూతుర్లాగుండాల. గీత పడకూడదు, బురద ఉండకూడదు. తెలిసిందా?"

"ఎవలికి పెళ్లికూతురు మావా, ఆ షోరూమోడికా? ఆడికి అరవయ్యేళ్లు," అని ఏడో చాసీ తోలే లావుపాటాయన అన్నాడు. అందరూ నవ్వారు. బళ్లు బయటికి తీయమని మున్షీ గేటు దగ్గరనుంచి అరిచాడు. "అరే, గాడీ నికాలో భాయీ!"

"గాడీ అంట," అని నాన్న తువ్వాలు ముఖానికి చుట్టుకున్నాడు. "కాబినూ నేదు, తొట్టీ నేదు. గాడీ అంట." నాతో, "వత్తాను," అన్నాడు. చాసీలు ఒకదాని తర్వాత ఒకటి కదిలాయి. నేను ఇంటికి నడిచి వచ్చాను.

తర్వాత జరిగింది నేను చూడలేదు. మావ, లావుపాటాయన మా అరుగు మీద కూర్చుని చెప్పింది చెబుతున్నాను. వాళ్లు చెప్పినదాంట్లో తేడాలు లేవు.

చాయిబాసా దాటి, వైతరణి ఒడ్డున భోజనానికి ఆగారు. వంట అవుతుండగా అందరూ నీడన నడుం వాల్చారు. కుర్రాడు పడుకోలేదు. నదిలోంచి డబ్బాతో నీళ్లు తెచ్చి తన చాసీని కడిగాడు. పెళ్లికూతుర్లా ఉండాలని సర్దార్ చెప్పాడు కదా. దూలాలు కడిగాడు, చక్రాలు కడిగాడు, వెనక్కి వెళ్లి కుండను గోనెపట్టాతో రుద్దాడు. సున్నం పోయింది. బయల్దేరేటప్పుడు మావ ముందున్నాడు, చూడలేదు. నాన్న చూశాడు. చుక్క లేదని చూశాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగితే ఎందుకని అడుగుతారు.

పగటి వెలుగున్నంతసేపూ ఎలాగో తోలాడు. కడిగిన చాసీ రంగు కొత్తది, ఎండకు మెరిసింది. కియోంఝర్ దాటాక పొద్దు వాలింది. అప్పుడు వెనకనుంచి ఒక లారీ అందరినీ దాటుకుంటూ వచ్చి, ఐదో చాసీకీ ఆరో చాసీకీ మధ్యలో దూరింది. ముగ్గురాయి మోసే లారీ అది. ఖాళీగా తిరిగిపోతోంది. వెనకంతా తెల్లటి పిండి. ఇరుసు మధ్య కుండ మీద అది ఇంకా దట్టంగా పేరుకుని ఉంది. నాన్నకు ముందు మళ్లీ తెల్లచుక్క వచ్చింది.

కొంత దూరం పోయాక లారీ ఎడమకు తిరిగింది. నాన్నా తిరిగాడు. నాన్న వెనక ఏడో చాసీ తిరిగింది. ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు తిరిగాయి.

"మరి నీకు కనబడింది గదా, అది వేరే రోడ్డని?" అని లావుపాటాయన్ను నేను అడిగాను.

"కనబడకేటి? బోర్డు కూడా కనబడింది," అన్నాడాయన. "పెద్దాయన తిప్పినాడంటే ఏదో ఉంతాదనుకున్నాం. ఆయన మాకన్నా ముందు ఈ రోడ్డు తొక్కినోడు. అడ్డదారేమో అనుకున్నాడు ఒకడు. నానైతే టీ కొట్టుంతాదనుకున్నాను." మళ్లీ తనే, "ఎదరోడిని దాటకూడదు గదా," అన్నాడు.

అది జట్టు నియమం. ఎంత తొందరున్నా ముందున్నవాణ్ని దాటకూడదు, ముందున్నవాడు ఎటు పోతే అటు పోవాలి. గోగునార బళ్లదీ అదే నియమం.

రోడ్డు మట్టిదైంది, సన్నమైంది, ఒక రైల్వే సైడింగు దగ్గర ఆగిపోయింది. అక్కడ తెల్లరాళ్ల గుట్టలు, ఒక తూకం గది. లారీ ఆగింది. నాన్న ఆగాడు. ఆయన వెనక ఐదు చాసీలు ఆగాయి. లారీ డ్రైవరు దిగి, కాబిన్లు లేని ఆరు లారీలు తనవెంట ఎందుకొచ్చాయో తెలియక తలమీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏ గాడి కువాడె జిబొ?" అని ఒడియాలో అడిగాడు. ఈ బళ్లు ఎక్కడికి పోవాలని.

నాన్న పెట్టె మీదనుంచి దిగాడు. వంగి లారీ కుండ మీద వేలు పెట్టి చూశాడట. వేలు తెల్లగా వచ్చింది. దాన్ని తువ్వాలుకు తుడుచుకుని, "విశాఖపట్నం," అన్నాడు.

"ఆ డ్రైవరు నవ్వినాడు బాబూ," అన్నాడు లావుపాటాయన. "ఆపుకోనేక నవ్వినాడు. మేవూ నవ్వినాం. మీ నాన్న నవ్వనేదు. అప్పుడు నాకు తెలిసింది."

ముందుపోయిన మావ ధాబా దగ్గర దిగి వెనక్కి చూస్తే చాసీలు ఐదే ఉన్నాయి. ఎదురుగా వచ్చే లారీలను ఆపి, ఎక్కి, దిగి, అడుగుతూ వెనక్కి వచ్చాడు. తెల్లారేసరికి సైడింగు చేరాడు. ఆరుగురూ రాళ్ల మధ్య పొయ్యి పెట్టి అన్నం వండుకుంటున్నారు. ఆరు చాసీలూ బాగున్నాయి. ఒక్క గీత లేదు. ఆ సన్నదారిలో వాటిని ఒక్కొక్కదాన్నే ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ తిప్పడానికి మధ్యాహ్నమైంది. అవి ధాబా దగ్గర ఆగిన ఐదింటినీ కలుసుకున్నాక, మళ్లీ బయల్దేరే ముందు మావ ఐదో చాసీ కుండకు సున్నం పెట్టాడు. ఈసారి కుర్రాడు ఏమీ అడగలేదు.

విశాఖపట్నానికి ఒక రోజు ఆలస్యంగా చేరారు. అక్కడి షోరూమువాళ్లు ఫోను చేసి అడిగారు. మున్షీ అడిగాడు. జట్టు తిరిగొచ్చాక, నాన్న వెనక పోయిన ఐదుగురినీ విడివిడిగా అడిగాడు. ఐదుగురూ ముందువాడి వెనక పోయామన్నారు. అబద్ధం చెప్పడానికి వాళ్లకేమీ దొరకలేదు. ముందువాడి ముందు ఎవరున్నారని మున్షీ అడిగితే వాళ్లు మాట్లాడలేదు. దసరాదాకా ఆగక్కర్లేదు, ఆరోవాడి కళ్లు ఈ వారమే చూస్తామని కబురొచ్చింది.

ఆ వారంలో అమ్మ ఒకసారి, "కళ్లద్దాలు తెచ్చుకుంతే సదవలేవేటయ్యా?" అంది. "శుక్లానికి అద్దాలేటే," అన్నాడు నాన్న. నాన్న గోనెసంచిలోంచి ప్లేట్లు తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ సంచిలో పెట్టాడు.

పరీక్ష అంటే అట్టమీద అక్షరాలు కాదు. యార్డు గేటు దగ్గర నిలబడి, లోపలి గోడ దగ్గర ఒకడు పట్టుకున్న ప్లేటు మీది నంబరు చదవాలి. నాన్నను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని నేను తీసుకెళ్లాను. మున్షీ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అలమరలో ఉన్న ప్లేట్లలో ఏదో ఒకటి తీసుకుపొమ్మని మావకు చెప్పాడు. పరీక్ష అయ్యేదాకా అని నాన్న ప్లేట్లు కూడా ముందురోజే సంచితో సహా అక్కడ పెట్టించారు. మావ గది లోపలికి వెళ్లి, ఒకటి తీసుకుని, గోడ దగ్గరికి నడిచి, రెండు చేతులతో గుండెకు ఎదురుగా పట్టుకున్నాడు.

నాకు బాగా కనబడింది. కుడివైపు పైమూల మడత పడి ఉంది. ఆ మడత ఖరగ్‌పూర్ స్టేషనులో ఎవరిదో ట్రంకుపెట్టె మీద పడితే వచ్చింది. అది నాన్న ప్లేటు. ఆ నంబరు ఆయన నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. నేనూ చెబుతాను. మా చెల్లీ చెబుతుంది.

"పఢో," అన్నాడు మున్షీ.

నాన్న గోడ వైపు చూశాడు. అక్కడ ప్లేటు ఉందని ఆయనకు తెలుసు, అంతే.

"సదువు బావా," అని మావ అక్కడినుంచి తెలుగులో అరిచాడు. మున్షీకి తెలుగు రాదు. "నీకు తెలిసిందే గదా. సదివేయ్."

"ఎవలి ప్లేటది?"

"ఎవల్దయితే ఏటి? నీకెందుకు? సదువు."

నాన్నకు అర్థమైంది. అర్థమైనట్టు నాకు తెలిసింది, ఎందుకంటే చూడడం మానేశాడు. తల కిందికి దించి, చెప్పుల దగ్గరి నేల వైపు పెట్టాడు.

"ఆ రోజు నా ఎనకాల ఎందరున్నారు?" అన్నాడు.

"ఐదుగురు. ఎవలికీ ఏటీ అవనేదు గదా. ఇప్పుడదెందుకు?"

"అవనేదు," అన్నాడు నాన్న. తర్వాత మున్షీ వైపు తిరిగి హిందీలో, "నహీ దిఖ్‌తా, సాబ్," అన్నాడు. కనబడడం లేదని.

మున్షీ ఇంకోసారి అడగలేదు. మంచి మనిషే. నీళ్లు తాగుతారా అని అడిగాడు. మావ ప్లేటు చంకలో పెట్టుకుని గోడ దగ్గరినుంచి వచ్చాడు. కోపంగా ఉన్నాడు.

"ఓరి బావా, అది నీ ప్లేటే గదా!"

"తెలుసు."

"తెలిస్తే మరేటి? నోరిప్పి నంబరు సెప్పడానికేటి నీకు?"

"నంబరయితే సెప్తాను," అన్నాడు నాన్న. "ఎదర పోయేదేటో సెప్పలేను గదా."

మావ ప్లేటు మడతను బొటనవేలితో సరిచేయడానికి చూశాడు. అది సరికాలేదు. "పోనీ, టీ తాగు," అన్నాడు. ముగ్గురం టీ తాగాం.

తిరిగి వచ్చేటప్పుడు నాన్న సైకిలు వెనక కూర్చున్నాడు. నాకు ఏమీ అనిపించలేదు. చైను వదులుగా ఉందని, పెడల్ తిరిగినప్పుడల్లా ఒకసారి కొట్టుకుంటోందని గమనించాను. ఇంటికెళ్లి రెంచితో బిగించాను. అమ్మ గుమ్మంలో నిలబడి నాన్న చేతుల వైపు చూసింది. ప్లేట్ల సంచి తిరిగి రాలేదు. "కాళ్లు కడుక్కో, అన్నం పెడతాను," అంది. ఆ మాటే రోజూ అనేది. చెల్లి ఏమైందని అడిగింది. ఎవరూ చెప్పకపోతే తనే తెలుసుకుని, లోపలికి వెళ్లి పుస్తకం తెరిచింది.

నాలుగైదు రోజులకు భాలుబాసా కుర్రాడు మా ఇంటికి వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. అతనికి ఎవరో చెప్పేశారు. "కాకా, మైంనే ధో దియా థా," అన్నాడు. తానే కడిగానని. "ముఝే మాలూమ్ నహీ థా." తనకు తెలియదని. అతని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గొంతును బట్టి ఎవరో పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది.

"నువ్వేటి సేసినావురా," అన్నాడు. "సుబ్బరంగా కడిగినావు. దిష్టిచుక్క అది, పోతే పోనాది."

"నజర్ కా థా?" దిష్టిదేనా అని.

"మరేటి. కూకో. టీ తాగుతావా?"

కుర్రాడు కూర్చున్నాడు. టీ తాగాడు. వెళ్లేటప్పుడు నాన్న కాళ్లకు దండం పెట్టబోతే నాన్న కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. ఆ మధ్యాహ్నం అమ్మ ఎందుకో ఉతికిన బట్టలనే మళ్లీ ఉతికింది.

నా అప్రెంటిస్ ఉత్తరం వచ్చింది. అదే కార్ఖానాలో, ఇరుసుల విభాగంలో వేశారు. కుండలు వరసగా గొలుసుకు వేలాడుతూ నా ముందునుంచి పోయేవి. వాటి మూతల బోల్టులు సరిగ్గా బిగించారో లేదో చూడడం నా పని. వాటికి ఏ రంగూ ఉండదు. ఇంటికి వచ్చి ఈ సంగతి చెబితే నాన్న, "గట్టిగా బిగించండి, నూనె కారుతాది," అన్నాడు.

మా జట్టు తర్వాతి ప్రయాణం ఆదివారం పొద్దున్న పడింది. కార్ఖానానుంచి వచ్చే రోడ్డు మా వీధి చివర మలుపు తిరుగుతుంది. ఇంజన్ల చప్పుడు దూరంనుంచే తెలుస్తుంది, ఎందుకంటే కాబిన్ లేని ఇంజను కప్పులేని గొంతుతో అరుస్తుంది. నాన్న చెప్పులేసుకుని బయల్దేరాడు. నేను వెంట వెళ్లాను. మలుపు దగ్గర కిరాణా కొట్టు ముందు నిలబడ్డాం.

"బళ్లు వత్తన్నాయేటి?" అన్నాడు నాన్న.

ఆయన ఆ మాట వాటికి వాడడం అదే మొదటిసారి. నేను సరిదిద్దలేదు. రోడ్డు పక్కన నిలబడి చూసేవాళ్లందరూ వాటిని అలాగే అంటారు.

"వస్తున్నాయి," అన్నాను.

ముందు మావ వచ్చాడు. చెయ్యెత్తాడు. నాన్న చప్పుడు వైపు చెయ్యెత్తాడు. రెండు, మూడు, నాలుగు పోయాయి. ఐదో చాసీ మీద పచ్చకామెర్లు తగ్గి తిరిగొచ్చిన మనిషి. ఆరోదాని మీద భాలుబాసా కుర్రాడు, ముఖానికి తువ్వాలు బిగుతుగా చుట్టుకుని, కళ్లు ఎదురుగా పెట్టుకుని. దాని ముందు కట్టిన ప్లేటు పైమూల మడత పడి ఉంది. అతను మా వైపు చూడలేదు. చూడకూడదు కూడా, ఎదరి కుండ చూసుకోవాలి. లావుపాటాయన ఏదో అరిచాడు, వినబడలేదు. చివరి నాలుగూ పోయాయి. దుమ్ము మా మీద పడింది.

"సున్నం ఎట్టినారా?"

"పెట్టారు."

"అందరికీనా? ఆఖరోడికి కూడానా? ఆడి ఎనకాల ఎవలూ ఉండరు గదా."

"ఆఖరివాడికి కూడా."

"ఎన్ని పోనాయి?"

నేను లెక్కపెట్టాను. చాసీలు పదకొండు. సున్నం చుక్కలు పదకొండు. డ్రైవర్లు పదకొండు మంది.